గన్‌ఫౌండ్రీ: ఒక ఇంగ్లీషు సమాసం, ఒక హైదరాబాదు పేట

గన్‌ఫౌండ్రీ హైదరాబాదులో ఆబిడ్స్‌కూ బషీర్‌బాగ్‌కూ నడుమ ఉన్న పేట. నిజాం అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఇక్కడ నెలకొల్పిన ఫిరంగుల పోతశాల వల్ల దీనికి ఈ పేరు వచ్చింది. ఉర్దూలో ఈ చోటును తోప్ కా సాంచా అంటారు. గన్, ఫౌండ్రీ అనే రెండు పదాలతో ఏర్పడిన ఈ ఇంగ్లీషు సమాసం నేడు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మాట్లాడేవారందరి నోటా ఒకేలా పలుకుతోంది. మహానగరపాలక సంస్థ వార్డుల్లో ఒకటి ఈ పేరు మీదే ఉంది.

ఒక సమాసం పుట్టుకను వెతికేటప్పుడు మూడు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. అందులోని ఒక్కో పదం ఎక్కడిది? ఆ పదాలు ఏ సంబంధంతో కలిశాయి? కలిసిన మాట ఈ చోటికి ఎలా చేరింది? ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లే ఊళ్ల పేర్ల చుట్టూ కట్టుకథలు అల్లుకుంటాయి. గన్‌ఫౌండ్రీ విషయంలో మూడు ప్రశ్నలకూ జవాబులు దొరుకుతాయి. అవి స్కాండినేవియాకూ, రోముకూ, మూసీ తీరానికీ తీసుకువెళ్తాయి.

పేట, పోతశాల

పోతశాల వెలసిన చోటికి ఆనుకుని ఫతే మైదాన్ ఉంది. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు అక్కడ విడిది చేశాయని, గెలుపు గుర్తుగా దానికి ఫతే మైదాన్ అన్న పేరు నిలిచిందని చెబుతారు. నేటి లాల్ బహదూర్ స్టేడియం ఉన్నది అక్కడే. దండు దిగడానికి అలవాటైన విశాలమైన మైదానం పక్కన శతాబ్దం తరవాత ఆయుధాల కార్ఖానా రావడం సహజమే.

దాన్ని నెలకొల్పిన మిషెల్ జోకిమ్ మరీ రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో పుదుచ్చేరి చేరాడు. మైసూరులో హైదర్ అలీ పక్షాన పోరాడిన ఫ్రెంచి దళంలో పనిచేశాడు. 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ మళ్లీ భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన దగ్గర సహాయకుడయ్యాడు. బుస్సీ 1785లో మరణించాక నిజాం కొలువులో చేరి, యూరపు పద్ధతిలో కవాతు నేర్చిన పటాలాలను తయారుచేశాడు. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయాడు. ఆ ఓటమితో నిజాంకు సొంత ఫిరంగి బలం ఎంత అవసరమో తెలిసివచ్చింది. తోప్ కా సాంచా ఆ అవసరంలోంచే పుట్టింది.

దాని ఆయుష్షు మాత్రం చిన్నదే. రేమండ్ 1798 మార్చి 25న హైదరాబాదులో మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారులను పంపించివేయాలన్నది ఆ సంధిలోని ముఖ్యమైన షరతు. అక్టోబరు 22న బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ సమక్షంలో సుమారు 14 వేల మంది ఉన్న ఆ దళాన్ని రక్తపాతం లేకుండా నిరాయుధం చేశారు. పోతశాలను కట్టినవాడూ పోయాడు, దాని ఆయుధాలు అందుకున్న సైన్యమూ చెదిరింది. పేరు నిలిచింది.

గన్: ఒక స్త్రీ పేరు

గన్ అనే ఇంగ్లీషు పదం 14వ శతాబ్దంలో కనిపించడం మొదలైంది. దాని జాడ విండ్సర్ కోటలోని ఆయుధాల జాబితాలో ఉంది. 1330–31 నాటి ఆ లాటిన్ పట్టీలో, కొమ్ముతో చేసిన పెద్ద యుద్ధయంత్రం ఒకటి డోమినా గునిల్డా అన్న పేరుతో నమోదైంది. గునిల్డా దొరసాని అని దాని అర్థం. పెద్ద పెద్ద యుద్ధయంత్రాలకు స్త్రీల పేర్లు పెట్టడం యూరపులో పాత అలవాటు. గునిల్డా పేరుకు మూలం ప్రాచీన నార్స్ భాషలోని గున్‌హిల్డర్. ఆ పేరు ముద్దుపేరుగా కురచై గున్నా అయిందని, అదే యంత్రాలకు సామాన్య నామమై మధ్యయుగపు ఇంగ్లీషులో గున్నె, గొన్నె అయిందని నిఘంటుకారులు వివరిస్తారు. 14వ శతాబ్దం చివరి నాటికి కవి చాసర్ ఈ మాటను మందుగుండుతో పేలే ఆయుధానికి వాడాడు.

ఇంకో విశేషం ఏమిటంటే గున్‌హిల్డర్ కూడా సమాసమే. గున్నర్ అన్నా యుద్ధమే, హిల్డర్ అన్నా యుద్ధమే. సమానార్థకాలైన రెండు పదాలు జతకట్టిన ఆ పేరులో రెండో సగం రాలిపోయి, మొదటి సగమే గన్‌గా మిగిలింది. గన్‌ఫౌండ్రీ అనే సమాసపు తొలి పదంలోనే ఇలా ఒక పాత సమాసం దాగి ఉంది.

నేటి తెలుగు పాఠకుడికి గన్ అనగానే చేతిలో పట్టుకునే తుపాకో పిస్తోలో మెదులుతుంది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు సైనికుడికి గన్ అంటే ముందుగా ఫిరంగి. చేతి తుపాకిని అతను మస్కెట్ అనేవాడు. ఉర్దూ పేరు ఈ అర్థాన్నే బలపరుస్తోంది. తుర్కీ భాషనుంచి ఫారసీ మీదుగా వచ్చిన తోప్‌కు అర్థం ఫిరంగే. కాబట్టి గన్‌ఫౌండ్రీని తుపాకుల కార్ఖానా అనడం కన్నా ఫిరంగుల పోతశాల అనడం సరైనది.

తెలుగు మాట ఫిరంగికీ ఈ కథతో చుట్టరికం ఉంది. ఫ్రాంకులు అనే జాతి పేరు నుంచి ఫ్రాన్స్ అన్న దేశనామం ఏర్పడింది. అదే పేరు అరబ్బీ, ఫారసీల్లో ఫరంగ్ అయి, యూరపువాడు అన్న అర్థంలో ఫరంగీగా భారతదేశానికి వచ్చింది. యూరపువాళ్లు తెచ్చిన పెద్ద తుపాకిని మనవాళ్లు ఫిరంగి అన్నారు. ఆ లెక్కన తోప్ కా సాంచాలో పోత పోయించిన ఫ్రెంచివాడూ, అందులోంచి బయటికి వచ్చిన ఆయుధమూ ఒకే మాటకు రెండు అర్థాలు.

ఫౌండ్రీ: పోయడం నుంచి పోత

ఫౌండ్రీకి మూలం ఫ్రెంచి ఫోండ్రీ. దాని వెనక ఫోండ్ర్ అనే క్రియ ఉంది. కరిగించడం, పోయడం అని అర్థం. అంతకు వెనక లాటిన్ ఫుందెరె, అదే అర్థంతో. తెలుగులో పోయు క్రియ నుంచి పోత ఏర్పడినట్టే లాటిన్‌లో పోయడమనే క్రియ నుంచి లోహపు పోతకు మాట ఏర్పడింది. రెండు కుటుంబాలకు చెందిన రెండు భాషలు ఒకే పనిని చూసి ఒకే తీరులో పేరు పెట్టాయి. పోత విగ్రహం, పోత ఇనుము అన్న తెలుగు మాటలు అందుకే ఫౌండ్రీకి అచ్చంగా సరిపోతాయి.

ఫుందెరె ఇండో యూరోపియన్ మూల ధాతువు ఒకదాని నుంచి వచ్చింది. ఆ ధాతువు సంస్కృతంలో అగ్నిలో హవిస్సును పోయడమనే అర్థంలో హు ధాతువుగా నిలిచింది. హోమం, హోత, ఆహుతి, హవిస్సు దాని సంతానం. వైదిక కర్మకాండలోని హోమమూ యూరపు కార్ఖానాలోని ఫౌండ్రీ మూల ధాతువు దగ్గర దాయాదులు. ధ్వనిలో ఎక్కడా పోలిక లేకున్నా చుట్టరికం ఉండవచ్చని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

ఫౌండ్రీ వంశంలోని ఇంకో మాట నేడు ప్రతి కంప్యూటరులోనూ ఉంది. అది ఫాంట్. సీసం కరిగించి పోసిన ఒక వరుస అక్షరాల దిమ్మెలను ఫ్రెంచిలో ఫోంత్ అన్నారు, అంటే పోత. అచ్చు అక్షరాల కార్ఖానాను ఇంగ్లీషులో టైప్ ఫౌండ్రీ అంటారు. తెలుగు ముద్రణ కూడా రెండు శతాబ్దాల పాటు ఆ పోత అక్షరాల మీదే నడిచింది. ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాల్లో సీసపు అక్షరాలతో అచ్చయినవి ఇప్పటికీ దొరుకుతాయి.

ఫిరంగిని పోత పోయడం ఎలాగో తెలిస్తే ఉర్దూ పేరులోని సాంచా విలువ అర్థమవుతుంది. సాంచా అంటే అచ్చు, మూస. కంచు ఫిరంగికి రాగి సుమారు తొమ్మిది పాళ్లు, తగరం ఒక పాలు. ముందుగా ఇరుసు మీద ఫిరంగి ఆకారాన్ని మట్టితో చేసి, దాని చుట్టూ బంకమట్టి పొరలు పొరలుగా పట్టించి, ఇనుప పట్టీలతో బిగించి, ఎండబెట్టి కాల్చేవారు. లోపలి నమూనాను తీసేశాక మిగిలిన బోలును గోతిలో నిలువుగా నిలిపి, కరిగిన లోహం పోసేవారు. చల్లారాక ఆ అచ్చును పగలగొట్టాల్సిందే. ఒక్కో ఫిరంగికి ఒక్కో సాంచా. శ్రమలో, నేర్పులో అధిక భాగం అచ్చుదే కాబట్టి ఉర్దూ మాట్లాడేవారు చోటుకు అచ్చు పేరు పెట్టారు. ఇంగ్లీషు పేరు లోహాన్ని పోయడాన్ని పట్టుకుంది. పని ఒకటే, పట్టుకున్న అంచె వేరు.

రెండు పదాలు కలిసిన తీరు

తెలుగు వ్యాకరణ పరిభాషలో గన్‌ఫౌండ్రీ షష్ఠీ తత్పురుష: ఫిరంగుల యొక్క పోతశాల. ఇందులో ఉత్తర పదానికి ప్రాధాన్యం. అది ఒక రకం ఫౌండ్రీ, ఒక రకం గన్ కాదు. ఇంగ్లీషు సమాసాల్లో ఇది సాధారణ లక్షణం. ఇంటిపేరు, పూలతోట వంటి తెలుగు సమాసాలదీ ఇదే పద్ధతి. ఈ పేరు తెలుగువారి నోట సులభంగా ఇమడడానికి ఈ పోలిక ఒక కారణం కావచ్చు.

ఇంగ్లీషులో ఇలాంటి జంట పదాలు మూడు రూపాల్లో కనిపిస్తాయి: విడివిడిగా రాసినవి, నడుమ చిన్న గీతతో కలిపినవి, పూర్తిగా అతికినవి. వాడుక ముదిరిన కొద్దీ పదాలు దగ్గరవుతాయి. గన్‌తో మొదలయ్యే గన్‌పౌడర్, గన్‌షాట్, గన్‌మెటల్ వంటి మాటలు అలా అతికి స్థిరపడినవే. సామాన్య నామంగా గన్ ఫౌండ్రీని ఇంగ్లీషులో విడిగా రాయడమే ఎక్కువ. హైదరాబాదు బోర్డుల మీద మాత్రం అది అతికి ఒకే మాటైంది. వర్ణించే మాట నామవాచకంగా గట్టిపడినప్పుడు జరిగే మార్పు ఇది. అక్కడి బ్యాంకుకు వెళ్లేవాడికి గన్‌ఫౌండ్రీ ఒక స్టాపు, ఒక కూడలి. ఫిరంగి గుర్తుకు రానక్కరలేదు.

చిన్నయసూరి బాలవ్యాకరణం సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని మూడుగా విభజించింది. ఆ గ్రంథం అచ్చయిన 1858 నాటికి హైదరాబాదు వీధుల్లో అంతకన్నా విస్తారమైన కలయికలు జరుగుతున్నాయి. ఫారసీ, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పదాలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఊరిపేర్లవుతున్నాయి.

ధ్వనితో వచ్చిన పేరు, అర్థంతో వచ్చిన పేరు

ఒక భాషలోని పేరు ఇంకో భాషలోకి రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి ధ్వని దారి, రెండోది అర్థం దారి. రేమండ్ జ్ఞాపకంగా హైదరాబాదులో మిగిలిన రెండు పేర్లూ చెరో దారికి సాక్ష్యం.

ఫ్రెంచిలో మర్యాదగా పిలిచే మొస్యూ రేమండ్ జనం నోట మూసా రాం అయింది. ముస్లింలు మూసా రహీం అన్నారు. ఆ పేరుతో ఏర్పడిందే మూసారాంబాగ్. రేమండ్ సమాధి స్తంభం మలక్‌పేట దాటాక ఆ వైపునే గుట్ట మీద ఉంది. ఇక్కడ అర్థంతో పని లేదు. వినబడిన ధ్వనిని జనం తమకు తెలిసిన పేర్లలో ఒదిగించుకున్నారు. తోప్ కా సాంచా మాత్రం ఇంగ్లీషు వాడుకలోకి అర్థంతో వెళ్లింది. ధ్వనిని వదిలేసి, తోప్‌కు గన్ అని, సాంచా ఉండే చోటుకు ఫౌండ్రీ అని పెట్టారు. మనిషి పేరు చెవి ద్వారా, అతను చేసిన పని బుద్ధి ద్వారా నిలిచాయి.

ఇలా అర్థం దారిన వెళ్లిన ఇంకో పేరు నాంపల్లి పేటలో ఉంది. బాగే ఆమ్ ఇంగ్లీషులో పబ్లిక్ గార్డెన్స్ అయింది. శాసనసభ, రాష్ట్ర మ్యూజియం, జూబిలీ హాలు ఆ తోట ఆవరణలోవే. దీనికి కూతవేటు దూరంలోని లక్డీకాపూల్ మాత్రం అనువాదం కాకుండా, నడుమ కా ప్రత్యయంతో సహా ఉర్దూ సమాసంగానే ఉండిపోయింది.

ఇరుగుపొరుగు సమాసాలు

ఆబిడ్స్ పేరు ఆల్బర్ట్ ఆబిడ్‌ది. ఆర్మీనియన్ మూలాలున్న ఈయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆంతరంగిక పరిచారకుడు. జాకబ్ వజ్రం బేరంలో మధ్యవర్తిగా ఉండి, 1891లో కలకత్తాలో నడిచిన వ్యాజ్యం వల్ల చరిత్రకెక్కాడు. ఆయన పేరు మీద నడిచిన దుకాణం చుట్టూ బజారు పెరిగింది. ఆబిడ్స్‌లో చివరి సకారం ఇంగ్లీషు షష్ఠీ విభక్తి ప్రత్యయం. ఆబిడ్ గారి దుకాణం అన్న సమాసంలో దుకాణం లోపించి, ప్రత్యయం మాత్రం అతుక్కుపోయింది.

నాంపల్లికి ప్రచారంలో ఉన్న వ్యుత్పత్తి గోల్కొండ కాలానిది. అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని రజాకులీకి నేక్‌నామ్ ఖాన్ అన్న బిరుదు ఉండేది. నేక్‌నామ్ అంటే మంచి పేరు గలవాడు. ఆ బిరుదుకు తెలుగు పల్లి చేరి నేక్‌నామ్‌పల్లి అయి, అదే నాంపల్లిగా కురచైందని చెబుతారు. ఆయన సమాధి కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఉంది. ఈ వివరణ ప్రకారం నాంపల్లి ఫారసీ, తెలుగు కలిసిన మిశ్రసమాసం.

కింగ్ కోఠి కథ అక్షరాలది. కమాల్ ఖాన్ కట్టించుకున్న ఆ భవనం తలుపుల మీద ఆయన పేరు తొలి ఇంగ్లీషు అక్షరాలు రెండు చెక్కి ఉండేవట. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని తీసుకున్నాక, ఆ రెండు అక్షరాలను మార్చకుండానే కింగ్ కోఠి అన్న పేరు ఇచ్చారని చెబుతారు. ఆయన 1967లో మరణించేదాకా అక్కడే ఉన్నారు. ఇంగ్లీషు పూర్వపదం, హిందుస్తానీ ఉత్తరపదం.

ట్యాంక్‌బండ్‌ను చాలామంది పూర్తి ఇంగ్లీషు సమాసం అనుకుంటారు. బండ్ ఫారసీ బంద్, అంటే కట్ట. చెరువు అనే అర్థంలో ట్యాంక్ గుజరాతీ, మరాఠీ మాటల నుంచీ పోర్చుగీసు తాంకె నుంచీ ఇంగ్లీషుకు చేరింది. చెరువుకట్ట అన్న మాటకు ఇది సరిగ్గా సమానం.

ఎదురు దిశలో వెళ్లిన తెలుగు సమాసమూ ఒకటుంది. మన పందికొక్కు 18వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వెళ్లి బాండికూట్ అయింది. ఆ తరవాత ఆస్ట్రేలియాలోని వేరే జాతి జంతువుకూ ఆ పేరు పెట్టారు. పంది, కొక్కు అన్న రెండు ముక్కలు ఇంగ్లీషువారికి కనబడవు. వారికది విడదీయరాని ఒకే మాట.

పొరబడే చోట్లు

గన్‌ఫౌండ్రీ పుట్టుక చెప్పేటప్పుడు మూడు పొరపాట్లకు అవకాశం ఉంది. మొదటిది, ఫౌండ్రీని ఫౌండేషన్‌తో ముడిపెట్టడం. ఫౌండేషన్‌కు మూలం లాటిన్ ఫుందుస్, అంటే అడుగు, పునాది. దానికి సంస్కృతంలో చుట్టం బుధ్న శబ్దం. రెండోది, గన్నీ సంచిలోని గన్నీకి గన్‌తో సంబంధం ఉందనుకోవడం. అది సంస్కృత గోణీ శబ్దం నుంచి వెళ్లింది. మన గోనె దాని తోబుట్టువు. మూడోది, తోప్‌ను మామిడితోపులోని తోపుతో కలపడం. చెట్ల గుంపు అనే అర్థంలో తోపు ద్రావిడ పదం. అది టోప్ అన్న రూపంలో భారతదేశపు ఇంగ్లీషులోకీ వెళ్లింది. ధ్వని పోలికను చూసి చుట్టరికం తేల్చకూడదు. పాత రాతలో ఆ మాట ఏ రూపంలో, ఏ అర్థంలో ఉందో చూడడమే నిఘంటుకారుల పద్ధతి.

ఇతర నగరాల్లో

ఫిరంగుల పోతశాల పేరు పేటకు నిలవడం హైదరాబాదుకే పరిమితం కాదు. ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ తీరాన తోఫానే అనే పేట ఉంది. తోప్, ఖానా కలిసిన సమాసమది. 15వ శతాబ్దంలో ఒట్టోమన్ సుల్తాను రెండో మెహమెద్ కాలంలో మొదలైన పోతశాల దానికి మూలం. మన తోప్ కా సాంచాకూ దానికీ పూర్వపదం ఒకటే. మాస్కోలో పుషెచ్నయా వీధి పేరుకు అర్థం ఫిరంగి వీధి. లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ పోతశాలలో 1716లో పేలుడు జరిగాక ఆ పని వూలిచ్‌కు మారింది. పాడుపడిన ఆ కట్టడాన్ని 1739లో జాన్ వెస్లీ తీసుకుని ప్రార్థనామందిరంగా మార్చినా, జనం దాన్ని ఫౌండరీ అనే పిలిచారు. మెథడిస్టు ఉద్యమం తొలి కేంద్రాల్లో అది ఒకటి.

నేటి స్థితి

గన్‌ఫౌండ్రీ పేట తరవాతి కాలంలో బడులకూ చర్చిలకూ బ్యాంకులకూ పేరుపడింది. సెయింట్ జోసఫ్ కెథడ్రల్, ఆల్ సెయింట్స్ హైస్కూలు ఇక్కడివే. 1941లో ఏర్పడిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, తరవాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యేదాకా తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడే ఉంచుకుంది. ఆ బ్యాంకు చిరునామా ద్వారానే తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాల్లోని లక్షలాది ఖాతాదారులు గన్‌ఫౌండ్రీ అన్న మాట చదివారు.

పోతశాల కట్టడం శిథిలావస్థలో, చుట్టూ పెరిగిన ఇళ్ల నడుమ ఇప్పటికీ ఉంది. అది పురావస్తు శాఖ రక్షిత కట్టడం. రెండు వందల ఏళ్లు దాటినా పేరు చెక్కుచెదరలేదు. పేరుకు ఆధారమైన గోడలే ఒరిగిపోతున్నాయి. గోడలు పోతే ఈ సమాసానికి అర్థం చెప్పే చివరి సాక్ష్యమూ పోతుంది. కాబట్టి ఆ కట్టడాన్ని నిలబెట్టడం పురావస్తు శాఖ బాధ్యత మాత్రమే కాదు, ఈ పేరును రోజూ పలికే నగరవాసుల బాధ్యత కూడా. అక్కడ తోప్ కా సాంచా, ఫిరంగుల పోతశాల, గన్‌ఫౌండ్రీ అన్న మూడు పేర్లనూ, 1795 అన్న సంవత్సరాన్నీ చెక్కిన ఫలకం ఒకటి వెలయాలి.